మోషన్స్ ఆగిన మర్నాడు: కడుపు ఇన్ఫెక్షన్ నుంచి కోలుకుంటున్నప్పుడు మద్యం (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందుగా మాటల దగ్గర ఒక సర్దుబాటు చేసుకుందాం. మన భాషలో డాక్టరు రాసిచ్చేదీ మందే, సీసాలో పోసుకు తాగేదీ మందే. ఇవాళ రెండింటి గురించీ మాట్లాడాలి. అందుకని మింగేదాన్ని మాత్ర అంటాను, తాగేదాన్ని మద్యం అంటాను.

వాంతులు, విరేచనాలు పట్టుకుని కాస్త తేరుకున్నవాళ్ళు అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఈ మాత్రల మీద తాగొచ్చా?" తాగకూడదంటే కోర్సు అయ్యేదాకా ఆగుతారు. ఈ మాత్రకి మద్యంతో పేచీ లేదంటే ఆ సాయంత్రమే మొదలుపెడతారు. అంటే మాత్ర ఒప్పుకుంటుందా లేదా అని చూస్తున్నారే తప్ప పేగు ఏ స్థితిలో ఉందో చూడటం లేదు. ఈ గంటలో నేను చేయదలుచుకున్న పని ఆ ప్రశ్నను పేగు వైపు తిప్పడమే.

చిన్నపేగు లోపలి గోడ మఖమల్ గుడ్డలా ఉంటుంది. దాని మీద నూగులా లేచి ఉండేవాటిని చూషకాలు అంటారు. వాటి మీద పొర మందం ఒకే ఒక్క కణం. ఆ ఒక్క వరస కణాలే తిన్నది పీల్చుకోవాలి, నీళ్ళు పీల్చుకోవాలి, క్రిములను ఇవతలే ఆపాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా ఈ కణాలు మూడు నుంచి ఐదు రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. నోరోవైరస్, రోటావైరస్ లాంటివి సోకినప్పుడు చూషకాలు పొట్టిబారిపోతాయి. కొత్త కణాలు త్వరగానే వస్తాయి, కానీ అవి లేత కణాలు. ఉదాహరణకి, పాలలోని లాక్టోజ్‌ను విరగ్గొట్టే లాక్టేజ్ ఎంజైమ్ ముదిరిన కణాల అంచు మీదే ఉంటుంది. జబ్బు తగ్గిందనుకున్నాక గ్లాసుడు పాలు తాగితే కడుపు ఉబ్బరించి మళ్ళీ మోషన్ అవడానికి కారణం అదే. కొందరిలో ఇది కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది, కొందరిలో వారాలు పడుతుంది. ఈ పాల సంగతి గుర్తుపెట్టుకోండి, దీనితో తర్వాత పనుంది.

బాక్టీరియా అయితే నష్టం ఇంకా లోతుగా ఉంటుంది. షిగెల్లా పెద్దపేగు గోడలోకి చొరబడి పుండ్లు చేస్తుంది. విరేచనంలో రక్తం, జిగట పడ్డాయంటే పొర తెగిందన్నమాట. అమీబా చేసే పుండు మూతి సన్నగా, అడుగు వెడల్పుగా ఉంటుంది. టైఫాయిడ్‌లో చిన్నపేగు చివరి భాగంలో పుండ్లు పడతాయి. అవి రక్తం కారడం, చిల్లు పడటం లాంటి ప్రమాదాలు సాధారణంగా మూడో వారం ప్రాంతంలో వస్తాయి. జ్వరం దిగుతోంది కదా అని మనిషి ధైర్యపడే సమయమూ అదే. ఇప్పుడు ఇలాంటి గోడ మీద మద్యం పడితే ఏమవుతుందో చూద్దాం.

ముందు కొలత. పరిమాణాన్ని గ్లాసుల్లో కాదు, గ్రాముల్లో లెక్కపెట్టాలి. మిల్లీలీటర్లను సీసా మీద రాసిన శాతంతో గుణించి, 0.79తో గుణించి, 100తో భాగించండి. 330 మి.లీ. బీరు 5 శాతానిదైతే 13 గ్రాముల ఆల్కహాల్. 12 శాతం వైను 150 మి.లీ. అయితే 14 గ్రాములు. 40 శాతం విస్కీ, బ్రాందీ, రమ్ము ఏదైనా 60 మి.లీ. అయితే 19 గ్రాములు. కాలేయం గంటకి సుమారు 7 నుంచి 10 గ్రాములు మాత్రమే ఖర్చు చేయగలదు. "బీరే కదా, తేలిక" అనే మాట ఈ లెక్క ముందు నిలబడదు.

ఇక జీర్ణాశయం. బీరు, వైను లాంటి తక్కువ శాతం మద్యాలు ఆమ్లం ఊరడాన్ని బాగా పెంచుతాయి. ఘాటైనవి ఆమ్లాన్ని అంతగా పెంచవు గానీ, పొరను నేరుగా ఒరిపిడి పెడతాయి, జీర్ణాశయం ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తాయి. రెండింటికీ వికారం పెరుగుతుంది. మొన్నటిదాకా వాంతులై గొంతు దిగువన ఒరుసుకుపోయి ఉన్నప్పుడు మళ్ళీ బలంగా వాంతులైతే, అన్నవాహిక జీర్ణాశయంలో కలిసే చోట పొర చిరిగి రక్తం పడొచ్చు.

మద్యం వల్ల ఒంట్లో నీరు తగ్గుతుందని అందరూ చెబుతారు. కారణం మాత్రం సగమే చెబుతారు. మూత్రాన్ని అదుపులో ఉంచే వాసోప్రెసిన్ అనే హార్మోనును మద్యం అణిచేస్తుంది. ఆ లెక్కన ఒక గ్రాము ఆల్కహాల్‌కి సుమారు 10 మి.లీ. మూత్రం అదనంగా పోతుంది. 60 మి.లీ. విస్కీకి 190 మి.లీ. అన్నమాట. ఇది నిజమే. అయితే ఒంట్లో నీరు ముందే తగ్గి ఉన్నప్పుడు ఈ ప్రభావం కొంత మందగిస్తుంది. అందుకని నన్నడిగితే, కోలుకుంటున్న మనిషికి అసలు నష్టం మూత్రపిండాల దగ్గర కాదు, పేగు దగ్గరే. చిన్నపేగు గోడలో సోడియంనూ గ్లూకోజ్‌నూ జంటగా లోపలికి లాగే ద్వారాలుంటాయి, వాటి వెంట నీరు లోపలికి వస్తుంది. ఓఆర్‌ఎస్ పనిచేసేది సరిగ్గా ఈ ద్వారాల మీదే. మద్యం ఆ రవాణాను అడ్డుకుంటుంది. పెద్దపేగులో కదలికను తొందరపెట్టి, ఉన్న నీటిని పీల్చుకునే వ్యవధి లేకుండా చేస్తుంది. పైగా కణాలను ఒకదానికొకటి కుట్టినట్టు పట్టి ఉంచే బిగింపులను, మద్యం నుంచి పుట్టే అసిటాల్డిహైడ్ వదులు చేస్తుంది. అప్పుడు పేగులోని బాక్టీరియా విషపదార్థాలు రక్తంలోకి జారి కాలేయానికి చేరతాయి. ఇన్ఫెక్షన్ వదులు చేసిన కుట్లనే మద్యం మళ్ళీ వదులు చేస్తోంది, గమనించండి.

ఇంకొకటి ఉంది. ప్రాణం మీదికి తెచ్చేది ఇదే, కానీ దీని మాట ఎత్తేవాళ్ళు తక్కువ. రెండు రోజులు సరిగా తినని మనిషి కాలేయంలో గ్లైకోజెన్, అంటే దాచుకున్న చక్కెర, నిల్వ అయిపోయి ఉంటుంది. అప్పుడు రక్తంలో చక్కెర నిలబడాలంటే కాలేయం కొత్తగా గ్లూకోజ్ తయారు చేయాలి. మద్యాన్ని ఖర్చు చేసే పనిలో పడితే ఆ తయారీ ఆగిపోతుంది. తాగిన వెంటనే కాదు, కొన్ని గంటల తర్వాత చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, తడబడే మాట, మత్తు. చూసేవాళ్ళకి ఇదంతా తాగిన మైకంలాగే కనిపిస్తుంది. "పడుకోనివ్వండి, దిగుతుంది" అంటారు. అలా పడుకోబెట్టడమే ప్రమాదం. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకి, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మధుమేహం మాత్రలు వేసుకునేవాళ్ళకి ఈ ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకి ఇంకో రకం ముప్పు. నీరు తగ్గి మూత్రపిండాలు మందగించిన సమయంలో మద్యం కూడా తోడైతే రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవచ్చు. విరేచనాలు పట్టుకున్నప్పుడు మధుమేహం మాత్రలు ఏవి ఆపాలి, ఏవి ఆపకూడదు అన్నది ఆ రోజే డాక్టర్ని ఫోన్‌లోనైనా అడగాలి. ఇన్సులిన్ మాత్రం ఎవరికి వారే ఆపేయకూడదు.

"ఘాటుగా ఒక గుక్క వేస్తే క్రిములు చస్తాయి" అన్న నమ్మకం గురించి రెండు ముక్కలు. చర్మం మీద, బల్లల మీద క్రిముల్ని చంపడానికి ఆల్కహాల్ 60 నుంచి 90 శాతం ఉండాలి. సీసాలో ఉన్నదే 40. జీర్ణాశయంలో ఉన్న ద్రవంతో కలిశాక అది ఇంకా పలచబడుతుంది. ఎక్కువ భాగం చిన్నపేగు మొదట్లోనే రక్తంలోకి పోతుంది. పెద్దపేగులో ఉన్న షిగెల్లాకి అది తగిలేదే లేదు. నోరోవైరస్‌కైతే కొవ్వు పొర లేదు కాబట్టి చేతులకు రాసుకునే శానిటైజర్‌కే సరిగా లొంగదు. దానికి సబ్బూ నీళ్ళే శరణ్యం.

బీరులో నీళ్ళున్నాయి కదా, ఓఆర్‌ఎస్ బదులు సరిపోదా అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన ఓఆర్‌ఎస్ లీటరు నీటిలో సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. విరేచనంలో పోయే ఉప్పును బట్టి కట్టిన లెక్క అది. బీరులో సోడియం నామమాత్రం. ప్యాకెట్ దొరకనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో తలకొట్టిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు. గోపురంగా తీసిన స్పూన్లతో కలపొద్దు. చక్కెర ఎక్కువైతే అదే పేగులోకి నీటిని లాగి విరేచనాలు పెంచుతుంది. కలిపింది 24 గంటల్లో వాడేసి, మిగిలింది పారబోయాలి. పెద్దవాళ్ళు ఒక్కో విరేచనానికి 200 నుంచి 400 మి.లీ. గుక్కగుక్కగా తాగాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మళ్ళీ మొదలుపెట్టాలి.

ఇప్పుడు మాత్రల దగ్గరికి వద్దాం. పేరు చివర "నిడజోల్" అని ఉండే కుటుంబం ఒకటుంది: మెట్రోనిడజోల్, టినిడజోల్, సెక్నిడజోల్, ఆర్నిడజోల్. అమీబాకీ, జియార్డియా అనే పేగు పరాన్నజీవికీ ఇస్తారు. వీటి మీద మద్యం తాగితే మొహం ఎర్రబారి, గుండె దడదడలాడి, తలనొప్పి, వాంతులు వస్తాయని హెచ్చరిక. మద్యం మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర మీద తాగితే ఇలాగే అవుతుంది, అసిటాల్డిహైడ్ విరగకుండా పేరుకుపోవడం వల్ల. మెట్రోనిడజోల్ విషయంలో అదే జరుగుతుందా అన్నది నిపుణుల మధ్య తేలని చర్చ. 2002లో ఫిన్లండ్ పరిశోధకులు పన్నెండు మంది ఆరోగ్యవంతుల్లో సగం మందికి ఐదు రోజులు మెట్రోనిడజోల్, మిగతా సగానికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, ఆ మీద అందరికీ మద్యం ఇచ్చి చూస్తే, మెట్రోనిడజోల్ వాడినవాళ్ళలో అసిటాల్డిహైడ్ పెరగలేదు. 2021లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ, లైంగిక వ్యాధుల చికిత్స మార్గదర్శకాల్లో, మెట్రోనిడజోల్ వాడేటప్పుడు మద్యం మానాలన్న నియమం అక్కర్లేదంది. ఇది చదివి "చూశారా, ఏమీ కాదట" అనేవాళ్ళున్నారు. ఆ పన్నెండు మందికీ విరేచనాలు లేవు, ఒంట్లో నీరు తగ్గలేదు. మాత్రతో పాటు వచ్చే కరపత్రంలో హెచ్చరిక అలాగే ఉంది. దాన్నే పాటించమని నా సలహా.

గడువు ఎంత? మెట్రోనిడజోల్ శరీరంలో సగానికి తగ్గడానికి సుమారు 8 గంటలు పడుతుంది. అలాంటివి ఐదు విడతలు గడిస్తే దాదాపు పోయినట్టే, అంటే 40 గంటలు. అందుకే కొన్ని దేశాల్లో చివరి మాత్ర తర్వాత 48 గంటలు ఆగమంటారు. టినిడజోల్‌కి 12 నుంచి 14 గంటలు, ఐదు విడతలంటే 60 నుంచి 70 గంటలు. దానికి 72 గంటల గడువు. ఏది వాడారో గుర్తులేకపోతే 72 పెట్టుకోండి. విరేచనాలకిచ్చే ఇంకో మాత్ర ఫ్యూరాజోలిడోన్ అయితే నాలుగు రోజులు. ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటి: ఒకే మాత్రలో రెండు మందులు కలిపి వస్తాయి, అట్ట మీద పెద్ద అక్షరాల్లో కంపెనీ పెట్టిన పేరే ఉంటుంది. లోపల నిడజోల్ ఉందో లేదో తెలియాలంటే దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదవాలి. దగ్గు సిరప్‌లు, కొన్ని టానిక్‌లలో కూడా ఆల్కహాల్ ఉంటుంది, వాటినీ అలాగే చూడాలి.

అజిత్రోమైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, రిఫాక్సిమిన్ అనే యాంటీబయాటిక్స్‌కు మద్యంతో అలాంటి పేచీ లేదు. అసలు చిక్కు పక్కన వేసుకునే మాత్రలతో. మోషన్స్ ఆపే లోపరమైడ్, వాంతులకిచ్చే ప్రోమెథజైన్ మద్యంతో కలిస్తే మత్తు పెరుగుతుంది, మత్తులో వాంతి వస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. రక్తం పడుతున్నా, జ్వరం ఎక్కువగా ఉన్నా లోపరమైడ్ అసలు వేసుకోకూడదు. ఒళ్ళు నొప్పులకని ఇబుప్రొఫెన్ వేసుకుని ఆ మీద మద్యం తాగితే జీర్ణాశయంలో రక్తం కారొచ్చు, నీరు తగ్గిన మూత్రపిండాలు దెబ్బతినొచ్చు. పారాసిటమాల్ వీటన్నిటికంటే మేలే, కానీ తిండి లేకుండా, రోజూ తాగే అలవాటున్నవాళ్ళలో కాలేయానికి దాన్ని తట్టుకునే గ్లూటాథయోన్ తక్కువగా ఉంటుంది. వాళ్ళు రోజుకి 4 గ్రాముల గరిష్ఠ పరిమితి దాకా వెళ్ళకూడదు. తమకెంత సురక్షితమో డాక్టర్ని అడగాలి.

ఇప్పటిదాకా చెప్పింది అప్పుడప్పుడు తాగేవాళ్ళ సంగతి. రోజూ, అదీ ఎక్కువగా తాగేవాళ్ళకి నేను చెప్పేది వేరు. దయచేసి శ్రద్ధగా వినండి. వాళ్ళకి కడుపు ఇన్ఫెక్షన్ వస్తే వాంతుల వల్ల మద్యం తనంతట తానే ఆగిపోతుంది. ఆగిన 6 గంటల నుంచి చేతులు వణకడం, చెమటలు, వికారం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. ఇంట్లోవాళ్ళు ఇదంతా ఇన్ఫెక్షన్ లక్షణమే అనుకుంటారు. 6 నుంచి 48 గంటల మధ్య మూర్ఛలు రావచ్చు. 48 నుంచి 96 గంటల మధ్య లేనివి కనిపించడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, జ్వరం, ఒళ్ళంతా వణుకు. ఈ దశలో ప్రాణం పోవచ్చు. పొటాషియం, మెగ్నీషియం విరేచనాల్లో పోయి ఉండటం వల్ల గుండె లయ తప్పే ప్రమాదమూ తోడవుతుంది. కాబట్టి ఇలాంటి మనిషిని ఇంట్లో ఉంచి మద్యం ఒక్కసారిగా మాన్పించకండి, మద్యం పోస్తూ ఇంట్లోనే నెట్టుకురావాలనీ చూడకండి. ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అక్కడ చెప్పాల్సిన వాక్యం ఇది: "రోజూ ఇంత తాగుతారు, చివరిసారి తాగింది ఫలానా గంటకి, ఇన్ని రోజులుగా తినలేదు." ఆ వాక్యం వినగానే వాళ్ళు చేసే పని ఒకటుంది: సెలైన్‌లో గ్లూకోజ్ ఎక్కించే ముందుగానీ, దానితో పాటుగానీ థయామిన్, అంటే విటమిన్ బి1, ఇవ్వడం. అది నిండుకున్న మనిషికి గ్లూకోజ్ మాత్రమే ఎక్కిస్తే మెదడు దెబ్బతినొచ్చు. సిగ్గుపడి ఇంట్లోవాళ్ళు దాచిపెట్టేది సరిగ్గా ఆ సమాచారాన్నే. దాచకండి.

మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టొచ్చు? జబ్బు మొదలైన రోజు నుంచి కాదు, చివరి పలచటి విరేచనం అయిన రోజు నుంచి లెక్కపెట్టండి. మామూలు వైరస్ అయితే ఆ తర్వాత కనీసం ఒక వారం ఆగమంటాను. రక్తం, జిగట పడి ఉంటే మూడు వారాలు. టైఫాయిడ్ అయితే డాక్టరు చెప్పేదాకా తాగొద్దు. అమీబాకి నిడజోల్ అయ్యాక, పేగులో మిగిలిన అమీబా గూళ్ళను (సిస్టులను) పోగొట్టడానికి డైలోక్సనైడ్ లాంటి రెండో కోర్సు ఉంటుంది, అదీ పూర్తయ్యాకే. యాంటీబయాటిక్స్ వాడటం వల్ల వచ్చే క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే బాక్టీరియా ఇన్ఫెక్షన్ అయితే సుమారు ఐదుగురిలో ఒకరికి తిరగబెడుతుంది, ఎక్కువగా మొదటి ఎనిమిది వారాల్లోనే. కోలుకునే ఆ రెండు నెలలూ మద్యం వదిలేయడం నయం.

రోజుల లెక్క తీరితే చాలదు, ఒళ్ళు కూడా సిద్ధంగా ఉండాలి. మూడు రోజులుగా మోషన్ గట్టిగా, మీకు అలవాటైన వేళకి అవుతుండాలి. మూత్రం లేత పసుపులో, రోజుకి ఐదారుసార్లు రావాలి. మామూలు భోజనం కడుపునిండా తినగలగాలి. ఇందాక గుర్తుపెట్టుకోమన్న పాల సంగతి ఇక్కడ పనికొస్తుంది. జబ్బుకి ముందు పాలు పడేవాళ్ళయితే ఒక గ్లాసు తాగి చూడండి. ఉబ్బరం, మోషన్ లేకుండా అరిగిందంటే చూషకాలు ముదిరాయని ఇంట్లోనే తెలిసినట్టు. అరగలేదంటే మద్యానికీ ఇంకా వేళ కాలేదు.

తాగే మొదటి రోజు 10 గ్రాములు దాటొద్దు. 5 శాతం బీరు 250 మి.లీ., లేదా 40 శాతానిది 30 మి.లీ., దానిలో నీళ్ళు బాగా కలిపి, తిన్న తర్వాతే. తీపి కూల్‌డ్రింకులు, పండ్ల రసాలు కలపొద్దు, లేత పేగు ఆ చక్కెరను పీల్చుకోలేక నీళ్ళు వదులుతుంది. చక్కెర లేనివని అమ్మే వాటిలో సార్బిటాల్ అనే తీపి పదార్థం ఉంటే అదీ అంతే. క్రీముతో చేసిన లిక్కర్లలో లాక్టోజ్ ఉంటుంది. ఆ మీద పూర్తిగా ఒక రోజు ఆగి చూడండి. మోషన్ పలచబడితే మళ్ళీ వారం విరామం.

ఇప్పుడు ప్రశ్నలు.

ప్రశ్న: తెలియక మూడో రోజే రెండు బీర్లు తాగితే ఏం చేయాలి?

జవాబు: వాంతి చేసుకోవడానికి ప్రయత్నించొద్దు. ఓఆర్‌ఎస్ తాగండి, పిండిపదార్థం ఉన్నది ఏదైనా కాస్త తినండి, తినకుండా మాత్రం పడుకోకండి. ఆ రాత్రి లోపరమైడ్, నిద్ర మాత్రలు వద్దు. యాంటీబయాటిక్ కోర్సును తాగాననే కారణంతో మధ్యలో ఆపొద్దు. నిడజోల్ మీద తాగి దడ, ఊపిరి ఆడకపోవడం, స్పృహ తప్పినట్టు ఉండటం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి. ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోయినా, విరేచనం తారులా నల్లగా ఉన్నా, మాట తడబడుతూ చెమటలు పడుతున్నా అంతే.

ప్రశ్న: కళ్ళు కాస్త పచ్చగా అనిపిస్తున్నాయి, కడుపు మాత్రం బాగైంది. బీరు పర్లేదా?

జవాబు: చుక్క కూడా వద్దు. కలుషితమైన నీటి నుంచి వచ్చే హెపటైటిస్ ఎ, ఇ కూడా మొదట వాంతులు, కడుపు నొప్పితోనే మొదలవుతాయి, కడుపు ఇన్ఫెక్షన్ అనిపిస్తాయి. కాలేయ పరీక్ష చేయించండి. ఆ అంకెలు మామూలు స్థాయికి వచ్చి, డాక్టరు సరేననేదాకా మద్యం ముట్టొద్దు, పారాసిటమాల్ కూడా అడగకుండా వేసుకోవద్దు.

ప్రశ్న: నెల దాటింది. మద్యం తాగిన ప్రతిసారీ మర్నాడు మూడు నాలుగు మోషన్లు అవుతున్నాయి. ఇన్ఫెక్షన్ ఇంకా ఉందా?

జవాబు: ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ముందు మలపరీక్ష చేయించండి, జియార్డియా ఇలా నెలల తరబడి నడుస్తుంది. ఒక్క నమూనాలో దొరకకపోతే వేరే రోజుల్లో తీసిన మూడు నమూనాలు ఇవ్వాలి. అందులో ఏమీ లేకపోతే, ఇన్ఫెక్షన్ తర్వాత పేగు సున్నితంగా మారే ఐబీఎస్ కావచ్చు. పేగు ఇన్ఫెక్షన్ వచ్చిన పదిమందిలో సుమారు ఒకరికి అది వస్తుంది. దానిలో క్రిమి ఉండదు కాబట్టి యాంటీబయాటిక్ మళ్ళీ మళ్ళీ వేసుకోవడం వృథా, హాని కూడా. రెండు నెలలు మద్యం పూర్తిగా మానేసి, ఏ రోజు ఏం తిన్నారో, ఎన్ని మోషన్లయ్యాయో ఒక కాగితం మీద రాసుకుంటూ, ఆ కాగితంతో సహా గ్యాస్ట్రోఎంటరాలజిస్టు దగ్గరికి వెళ్ళండి. బరువు తగ్గుతున్నా, రాత్రి నిద్రలోంచి మోషన్‌కి లేవాల్సి వస్తున్నా ఆ రెండు నెలలు ఆగకుండా ముందే వెళ్ళండి.